పాఠకుల ప్రశ్నలు: గుర్రపు పిల్ల కొరుకుతోంది, ఏం చేయమంటారు?

ఈ శీర్షికకు సాధారణంగా మేత గురించి, లాడాల గురించి, పురుగుల మందుల గురించి ఉత్తరాలు వస్తుంటాయి. ఈసారి అందిన వాటిలో ఆరు మాత్రం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పాలు తాగే వయసులో ఉన్న పిల్ల మనుషులను కొరకడం, మీద పడడం, పట్టుకుందామంటే అందకుండా గిరగిరా తిరగడం వాటన్నిటిలోనూ ఉన్న ఫిర్యాదు. అందువల్ల మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి ఈ ఆరింటికే జవాబులు ఇస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు తీసుకున్నాను, ఎందుకంటే తక్కిన ఉత్తరాల్లోని సందేహాలు సగం దానితోనే తీరతాయి.

ప్రశ్న: మా గుర్రపు పిల్లకు మూడున్నర నెలలు. మగపిల్ల. పుట్టినప్పటి నుంచీ ఇంటిల్లిపాదికీ ముద్దు. చొక్కా చేతులు పెదవులతో లాగుతుంటే నవ్వుకున్నాం, వేళ్ళు నోటికి అందించి ఆడించాం. మూడు వారాలుగా పళ్ళతో పట్టుకుంటోంది. మొన్న నేను వంగి నీళ్ళ తొట్టి కడుగుతుంటే వెనుక నుంచి వచ్చి నడుము మీద కొరికింది, చర్మం కమిలిపోయింది. మూతి మీద రెండుసార్లు కొట్టాను. తల వెనక్కి తీసుకుని, మరుక్షణమే మళ్ళీ వచ్చి కొరికి పరుగెత్తింది. ఇప్పుడు నేను చెయ్యి ఎత్తితే చాలు తల విదిలిస్తోంది గాని కొరకడం మాత్రం మానలేదు. ఇది దుర్మార్గపు గుర్రంగా తయారవుతుందా?

జవాబు: దుర్మార్గం అనే మాటను ముందు పక్కన పెడదాం. మూడున్నర నెలల పిల్లకు మనిషిని బాధ పెట్టాలన్న ఆలోచన ఉండదు. గుర్రానికి చేతులు లేవు. ఎదురుపడిన వస్తువు మెత్తనిదో గట్టిదో, తినదగినదో కాదో, లాగితే వస్తుందో రాదో తెలుసుకోవడానికి దానికి ఉన్నవి పెదవులూ పళ్ళూ మాత్రమే. పిల్ల పుట్టిన వారం రోజులకే పైన రెండు, కింద రెండు ముందరి పాలపళ్ళు బయటపడతాయి. 6 నుంచి 8 వారాల మధ్య వాటి పక్క పళ్ళు, 6 నుంచి 8 నెలల మధ్య మూల పళ్ళు వస్తాయి. ఆ లెక్కన మీ పిల్లకు ఇప్పుడు ముందు భాగంలో ఎనిమిది పళ్ళు ఉన్నాయి. నెల క్రితం పెదవులతో చేసిన పనినే అది ఇప్పుడు పళ్ళతో చేస్తోంది. మారింది పనిముట్టే, అలవాటు మీరు నేర్పినదే.

అది మగపిల్ల కావడం కూడా ఇందులో ఒక సంగతి. మగ పిల్లలు కలిసి ఆడుకునేటప్పుడు ఒకదాని మెడను ఒకటి కొరుకుతాయి, ముంగాళ్ళ దగ్గర మూతితో అందుకుంటాయి, ముంగాళ్ళు ఎత్తి మీద పడతాయి, కొరికి పారిపోయి వెంటాడించుకుంటాయి. ఆడపిల్లలు ఇంతగా కొట్లాట ఆట ఆడవు. వాటికి పరుగు ఎక్కువ ఇష్టం. మీ ఉత్తరంలో మరో పిల్ల ప్రస్తావన లేదు. తోడు లేని మగపిల్లకు ఆడుకోవడానికి దొరికేది మీరే. మీ చర్మం గుర్రపు చర్మమంత మందం కాదని దానికి ఎలా తెలుస్తుంది?

ఇంకొక రకం కొరుకుడు కూడా ఉంది. దాన్ని ఆట కొరుకుడుతో కలిపి చూడకూడదు. రెండు గుర్రాలు ఎదురెదురుగా నిలబడి, ఒకదాని మూపును ఒకటి పళ్ళతో గోకడం మీరు చూసే ఉంటారు. మీరు పిల్ల మూపు దగ్గర వేళ్ళతో గోకుతూ దాని ముఖం గమనించండి. మెడ ముందుకు సాగుతుంది, పై పెదవి పొడవై వణుకుతుంది, కళ్ళు సగం మూతపడతాయి, ఆ తరువాత తల మీ వైపు తిరిగి మీ భుజాన్ని వెతుకుతుంది. అది బాకీ తీర్చడం. మీరు చేసిన ఉపకారానికి తన పద్ధతిలో ప్రత్యుపకారం చేయబోతున్న ఆ పిల్లను కొట్టడం అన్యాయం. తల తిరగడం మొదలైన క్షణంలోనే గోకడం ఆపి, దాని తలను మెల్లగా ముందుకు తిప్పి, తల నేరుగా ఉన్నంత సేపే గోకుతానని తెలియజేస్తే చాలు. ఆట కొరుకుడులో చెవులు ముందుకు నిక్కి ఉంటాయి, కదలిక చురుగ్గా ఉంటుంది, కొరికిన వెంటనే గెంతు ఉంటుంది. చెవులు వెనక్కి మెడకు అంటుకుపోయి, ముక్కుపుటాలు ముడతలు పడి, తోక విసురుతుంటే అది కోపమో, భయమో, నొప్పో. ఈ మూడు రకాల కొరుకుడునూ, అంటే బాకీ తీర్చేది, ఆటది, కోపభయాలదీ, విడివిడిగా గుర్తు పట్టడం నేర్చుకున్న రోజున సగం పని పూర్తయినట్టే.

ఇక మీరు వేసిన దెబ్బల సంగతి. కుక్కకాటుకు చెప్పుదెబ్బ అన్న న్యాయం మనుషుల మధ్య ఎంతవరకు పనిచేస్తుందో నాకు తెలియదు గాని, గుర్రపు పిల్ల దగ్గర అది పనిచేయదు. మొదటి కారణం సమయం. పిల్ల తాను చేసిన పనినీ దాని ఫలితాన్నీ కలిపి అర్థం చేసుకోవాలంటే రెండింటి మధ్య క్షణం కంటే ఎక్కువ ఎడం ఉండకూడదు. మీరు ఉలిక్కిపడి, నడుము పట్టుకుని, తిరిగి, చెయ్యి ఎత్తేసరికి దాని బుర్రలో కొరికిన సంగతి చెరిగిపోయి ఉంటుంది. ఏ తప్పూ చేయకుండా నిలబడిన తన మీదికి చెయ్యి ఎందుకు వచ్చిందో దానికి బోధపడదు. రెండవ కారణం, అదే చెయ్యి రేపు దాని తలకు హాల్టర్ (తాడు కట్టి నడిపించడానికి తలకు వేసే పట్టీ) తొడగాలి, చెవులు తడమాలి, నోరు తెరిచి మందు పోయాలి. ముఖం మీద దెబ్బలు తిన్న పిల్ల పెద్దయ్యాక తల ముట్టుకోనివ్వదు. మీ పిల్ల తల విదిలించడం దానికి ఆరంభమే. మూడవ కారణం కాస్త నవ్వు తెప్పించేది: కొరకడం, ఎదుటివాడు విసరడం, తప్పించుకుని మళ్ళీ రావడం అనేది అచ్చంగా మగ పిల్లల ఆట. మీరు శిక్షించానని అనుకుంటున్నారు, అది మీరు ఆటకు ఒప్పుకున్నారని అనుకుంటోంది.

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేనూ ఇటువంటి తప్పే చేశాను. ఒక పిల్ల నా భుజం మీది తువ్వాలును లాగుతుంటే సరదాపడి, రోజూ దాని ముందు తువ్వాలు ఊపి లాగించుకునేవాణ్ణి. ఎనిమిది నెలల వయసులో అది తువ్వాలుతో పాటు భుజం కండనూ పట్టుకుంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఎవరైనా పిల్లగుర్రానికి వేళ్ళు అందించి ఆడిస్తుంటే నాకు ముందు ఆ మచ్చే గుర్తుకు వస్తుంది.

మరి ఏం చేయాలి? మొదట కొరకడానికి దొరుకుతున్న కూలిని ఆపాలి. చేతిలో పెట్టి ఏదీ తినిపించకండి. ఇవ్వదలచినది తొట్టిలోనో గిన్నెలోనో వేయండి. మూతి నిమరడం, పెదవులతో ఆడుకోవడం, వేళ్ళు నాకించడం ఈ రోజే మానండి. ముద్దు చేయాలనిపిస్తే మూపు, మెడ, రొమ్ము గోకండి. పిల్లకు అంతకంటే ఇష్టమైన చోట్లు లేవు. తుంటి మీద గోకడం కూడా దానికి ఇష్టమే గాని, వెనక్కి నెట్టుకుంటూ మీ మీదికి రావడం, ఆ పైన తన్నడం అక్కడి నుంచే అలవాటవుతాయి కనుక నేను దాన్ని ప్రోత్సహించను. ఈ నియమం ఇంట్లో అందరికీ వర్తించాలి. నలుగురిలో ముగ్గురు కచ్చితంగా ఉండి, నాలుగవ వ్యక్తి అప్పుడప్పుడు చొక్కా లాగనిస్తే ఆ అలవాటు పోకపోగా మరింత గట్టిపడుతుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియని బహుమతి కోసం పిల్ల అందరి మీదా ప్రయత్నిస్తూనే ఉంటుంది.

రెండవది, మీ చుట్టూ చెయ్యి చాచినంత మేర మీదని దానికి తెలియజేయడం. ఇది మాటల్లో చెబితే అర్థం కాదు కాబట్టి ఒక పూట జరిగే పనిని వివరిస్తాను. తల్లి పక్కనే ఉండగా పిల్ల ఎడమ భుజం దగ్గర, ముంగాలికి కొంచెం వెనుకగా నిలబడండి. దాని ముఖానికి ఎదురుగా నిలబడవద్దు. నుదుటికి సరిగ్గా ముందు ఉన్నది గుర్రం కంటికి ఆనదు, కంటికి ఆననిదాన్ని అది మూతితో వెతుకుతుంది. కుడి చేత్తో మూపు గోకుతూ, ఎడమ మోచేతిని మడిచి, పిల్ల తల మీ వైపు తిరిగితే దాని చెంప తగిలే ఎత్తులో ఉంచండి. తల తిరుగుతుంది, చెంప మోచేతికి తగులుతుంది. మీరు చేతిని విసరలేదు, తోయలేదు, కనీసం దాని వైపు చూడనూ లేదు. అదే వచ్చి గుద్దుకుంది. గోకడం ఆగిపోయింది. పిల్ల ఒక్క క్షణం ఆలోచించి తలను ముందుకు తిప్పుకుంటుంది. ఆ క్షణమే గోకడం మళ్ళీ మొదలుపెట్టండి. అయిదు నిమిషాల్లో ఇది పది సార్లు జరగవచ్చు. పదకొండవసారి తల సగం తిరిగి, తనంతట తానే ఆగి, తిరిగి ముందుకు పోవడం మీరు చూస్తారు. ఆ సగం తిరిగి ఆగిన తలను గమనించి వెంటనే మెచ్చుకోవడంలోనే శిక్షణ అంతా ఉంది.

మోచెయ్యి దాటి పళ్ళు తగిలేదాకా వస్తే, పొట్టిగా గట్టిగా ఒక్క మాట అని, రొమ్ము మధ్యలో వేళ్ళతో నొక్కి పిల్లను ఒక అడుగు వెనక్కి వేయించండి. బరువు వెనక్కి మళ్ళిన క్షణంలో వేళ్ళు తీసేయండి. అడుగు పూర్తి కావాలని చూడవద్దు. కొరికితే తాను వెనక్కి జరగవలసి వస్తుందని, కొరకకుండా ఉంటే తనకు నచ్చిన గోకుడు దొరుకుతుందని అది తేల్చుకోవడానికి రెండు మూడు వారాలు చాలు. మొదటి మూడు నాలుగు రోజులు మాత్రం కొరకడం తగ్గకపోగా పెరిగినట్టు కనిపిస్తుంది. ఇన్నాళ్ళూ పనిచేసిన ఉపాయం ఇప్పుడెందుకు పనిచేయడం లేదని అది మరింత గట్టిగా ప్రయత్నిస్తుంది. చాలామంది ఈ దశలోనే విసిగి చెయ్యి చేసుకుంటారు.

విడిగా తిరుగుతున్నప్పుడు దూసుకొస్తే వెనక్కి తగ్గవద్దు. మీరు అడుగు వెనక్కి వేస్తే ఆట అది గెలిచినట్టు లెక్క. నిటారుగా నిలబడి, చేతులు వెడల్పు చేసి, దాని తల వైపు కాక భుజం వైపు ఒక అడుగు ముందుకు వేయండి. అది పక్కకు మళ్ళి రెండు అడుగులు దూరం జరగగానే చేతులు దించి, చూపు మరల్చి, మామూలుగా నిలబడండి. అంతకు మించి తరమవద్దు. మూలకు నెట్టడం, తల్లికీ పిల్లకూ మధ్య చొరబడడం అసలే పనికిరావు.

రోజుకు రెండు పూటలా అయిదు నుంచి పది నిమిషాలు చాలు. పిల్ల దృష్టి అంతకంటే ఎక్కువ సేపు నిలవదు. వీలైతే దాదాపు అదే వయసున్న మరో పిల్లతో, అది కుదరకపోతే ఆటను సహించే శాంతమైన పెద్ద గుర్రంతో కలిపి విశాలమైన చోట వదలండి. కొరుకుడు ఆట పిల్లకు అవసరమే. దానికి తగిన తోడును చూపడం మన పని. ఉన్నట్టుండి చెవులు వెనక్కి వాల్చి కొరకడం మొదలుపెట్టినా, పాలు తాగడం తగ్గినా, కాలు కుంటినా, బొడ్డు దగ్గర తడిగానో వాపుగానో ఉన్నా శిక్షణ ఆపి పశువైద్యునికి చూపించండి. దాన్ని సంతానం కోసం వాడే ఉద్దేశం లేకపోతే బీజాలు ఎప్పుడు తీయించాలో కూడా ఆయనతోనే మాట్లాడండి. అయితే ఆ శస్త్రచికిత్స కొరికే అలవాటును దానంతటదే పోగొడుతుందని ఆశ పెట్టుకోవద్దు.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, పుట్టినప్పుడు తల్లి బరువులో పదో వంతు ఉండే పిల్ల ఆరు నెలలు నిండేసరికి పెద్దయ్యాక ఉండబోయే బరువులో సగానికి దగ్గరగా వస్తుంది. మొక్కై వంగనిది మానై వంగునా అని నాకు ఈ నెల ముగ్గురు పాఠకులు రాశారు. గుర్రం విషయంలో మాను కూడా వంగుతుంది. వంచేవాడి నడుమే ముందుగా నొప్పి పుడుతుంది.

ప్రశ్న: మా పిల్ల పెద్ద గుర్రాల దగ్గరికి వెళ్ళినప్పుడు మెడ చాచి, నోరు తెరిచి, పళ్ళు టకటకలాడిస్తుంది. ఒకసారి నా ముందు కూడా అలాగే చేసింది. కొరకబోతోందని భయపడి దాన్ని గద్దించాను. సరైన పనేనా?

జవాబు: గద్దించవలసిన అవసరం లేదు. మూతి మూలలు వెనక్కి లాగి, దవడలు తెరుస్తూ మూస్తూ ఉండడం "నేను చిన్నదాన్ని, నన్నేమీ చేయకండి" అని పెద్ద గుర్రానికి చెప్పుకునే విన్నపం. పళ్ళు కొన్నిసార్లు కలుస్తాయి, కొన్నిసార్లు కలవవు, కాని వేటినీ పట్టుకోవు. పిల్లల్లోనూ ఏడాది రెండేళ్ళ వయసున్న వాటిలోనూ ఇది కనిపిస్తుంది, వయసు వచ్చేకొద్దీ పోతుంది. మీ ముందు అలా చేసిందంటే మీరు మరీ గంభీరంగా దాని మీదికి నడిచి ఉంటారు. కాస్త పక్కకు తిరిగి, ఒదిగి నిలబడితే చాలు.

ప్రశ్న: తల్లి గుర్రం పిల్లను కొరికి బుద్ధి చెప్పడం చూస్తున్నాం. మనమూ అలాగే గట్టిగా గిల్లి చెబితే త్వరగా నేర్చుకుంటుందని ఒక పెద్దాయన సలహా ఇచ్చారు. మీ అభిప్రాయం ఏమిటి?

జవాబు: ఆ పెద్దాయన చూసింది నిజమే, సగమే చూశారు. తల్లి కొరకడానికి ముందు చేసే పనులను వరుసగా గమనించండి. మొదట ఒక చెవి వెనక్కి పోతుంది. పిల్ల లెక్కచేయకపోతే రెండు చెవులూ వెనక్కి వాలతాయి. తరువాత తల విసురు, ఆ తరువాత దేహంతో అడ్డం నిలవడం, అప్పటికీ వినకపోతే పంటితో ఒక్క నొక్కు. ఇదంతా రెండు క్షణాల్లో ముగుస్తుంది, మూడో క్షణంలో ఆమె మళ్ళీ గడ్డి మేస్తుంటుంది, నాలుగో క్షణంలో పిల్ల పాలు తాగుతుంటుంది. కోపం నిలవ ఉండదు. అనేక సార్లు వ్యవహారం చెవుల దగ్గరే తేలిపోతుంది.

మనకు వెనక్కి వాలే చెవులు లేవు, ఆమెకున్న వేగమూ లేదు. గిల్లడం దగ్గర మొదలుపెట్టే మనిషి ముందున్న నాలుగు మెట్లను వదిలేసి చివరి మెట్టు మీద దూకుతున్నాడు. అందుకే పిల్లకు హెచ్చరిక ఏదో, శిక్ష ఏదో తెలియదు. ఆమె నుంచి మనం తీసుకోవలసింది ఆ వరుస. నిటారుగా నిలబడడం మీ మొదటి చెవి అనుకోండి, గొంతు రెండవది, మోచెయ్యి తల విసురు, రొమ్ము మీద వేళ్ళు అడ్డు నిలవడం. ఈ వరుసను ప్రతిసారీ ఒకే విధంగా పాటిస్తే అయిదవ మెట్టుతో మీకు పని పడదు.

ప్రశ్న: పుట్టిన నాలుగో రోజున తల్లి చనిపోయింది. సీసా పాలతో పెంచుతున్నాను. ఇప్పుడు రెండు నెలలు. నన్ను చూడగానే పరుగెత్తుకొచ్చి ముంగాళ్ళు నా భుజాల మీద వేస్తుంది, జేబులు కొరుకుతుంది. తల్లి లేని పిల్ల కదా అని ఏమీ అనలేకపోతున్నాను.

జవాబు: మీ శ్రమకు ముందుగా అభినందనలు. రాత్రనక పగలనక నాలుగో రోజు పిల్లకు పాలు పట్టి బతికించడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది. అయితే మీరు జాలి అనుకుంటున్నదే దానికి రేపు కీడు చేస్తుంది. సీసాతో పెరిగిన పిల్లకు మనిషే తల్లి, మనిషే ఆటతోడు, మనిషే పాలు. గుర్రాల మర్యాద నేర్పే గుర్రం దాని జీవితంలో లేదు. రెండు నెలల వయసులో భుజాల మీద ముంగాళ్ళు వేస్తే కౌగిలింతలా ఉంటుంది. ఏడాది వయసులో అదే పని చేస్తే ఎముకలు విరుగుతాయి.

మొట్టమొదట పాలకూ మీ దేహానికీ ఉన్న సంబంధాన్ని తెంపండి. సీసా మాన్పించి బకెట్‌తో తాగడం నేర్పండి. వెడల్పాటి బకెట్‌లో గోరువెచ్చని పాలు పోసి, పాలలో ముంచిన వేలిని దాని పెదవులకు తగిలించి మెల్లగా బకెట్‌లోకి దించితే ఒకటి రెండు రోజుల్లో పట్టుకుంటుంది. వేళ్ళు అందించవద్దని పై జవాబులో చెప్పి ఇక్కడ అందించమంటున్నానని మీరు ఆక్షేపించవచ్చు. ఈ రెండు రోజులకే ఆ మినహాయింపు. తరువాత బకెట్‌ను దాని ఛాతీ ఎత్తులో కట్టి, పాలు పోసి మీరు పక్కకు తప్పుకోండి. పాలు బకెట్ నుంచి వస్తాయి గాని జేబు నుంచి రావని తెలిసిన పిల్ల జేబు జోలికి రాదు.

అంతకంటే ముఖ్యం తోడు. పిల్లలను సహించే నెమ్మదైన ముసలి ఆడగుర్రం దొరికితే మీ అదృష్టం. మొదటి కొన్ని రోజులు మధ్యలో కంచె ఉంచి, ఒకదాన్ని ఒకటి వాసన చూసుకోనిచ్చి, ఆ తరువాత మీ కంటి ముందే కలపండి. ఆ ముసలిది చెవులు వెనక్కి వాల్చి పిల్లను నాలుగు సార్లు అదిలిస్తే మీరు మధ్యలోకి వెళ్ళవద్దు. నెల రోజులు మీరు నేర్పగలిగిన దానికంటే అది ఒక పూటలో ఎక్కువ నేర్పుతుంది. గుర్రం ఏదీ దొరకకపోతే గాడిదో మేకో ఒంటరితనం పోగొడుతుంది గాని చదువు చెప్పదు. ముంగాళ్ళు ఎత్తినప్పుడు మీరు పక్కకు తప్పుకుని, అది నాలుగు కాళ్ళ మీద నిలబడిన తరువాతనే ముట్టుకోండి. మూతి మీద చెయ్యి వేసి కిందికి తోయవద్దు. తోపులాట కూడా దానికి ఆటే.

ప్రశ్న: పుట్టిన గంటలోనే పిల్లను పట్టుకుని ఒళ్ళంతా తడిమి, చెవుల్లో ముక్కులో వేళ్ళు పెట్టి అలవాటు చేస్తే జీవితాంతం మచ్చికగా ఉంటుందని విన్నాను. త్వరలో మా గుర్రం ఈనబోతోంది. అలా చేయమంటారా?

జవాబు: అమెరికాకు చెందిన పశువైద్యుడు రాబర్ట్ మిల్లర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. దీన్ని నమ్మి చేసేవారు ఇప్పటికీ ఉన్నారు, నేను మాత్రం సలహా ఇవ్వను. పుట్టిన పిల్ల గంటా రెండు గంటల్లో లేచి నిలబడాలి, ఆ వెంటనే పొదుగు వెతుక్కుని మొదటి పాలు తాగాలి. రోగాలను తట్టుకునే శక్తి దానికి ఆ పాల నుంచే అందుతుంది. ఆ సమయంలో తల్లికీ పిల్లకూ మధ్య మన చేతులు ఉండకపోవడమే మేలు. పిల్ల లేవకపోయినా, తాగకపోయినా, వైద్యుడు చెప్పినా అది వేరే సంగతి.

దీనికి బదులుగా చేయదగినది ఒకటి ఉంది. ఫ్రాన్స్‌లోని రెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సెవరిన్ హెన్రీ, మార్టిన్ హౌస్‌బెర్జర్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో 41 పిల్లలను పరిశీలించారు. కొన్నిటి విషయంలో, పుట్టిన తరువాత మొదటి 5 రోజులు పిల్లను ముట్టుకోకుండా, దాని కళ్ళ ముందు తల్లికి మెత్తగా మాలీసు చేసి మేత అందించారు. అన్నీ కలిపితే అది గంటంబావు సేపు జరిగిన పని మాత్రమే. ఆ పిల్లలు మనుషులకు దూరంగా పోవడం తగ్గింది, తాకనివ్వడం పెరిగింది, ఏడాది తరువాత కూడా ఆ తేడా కనిపించింది. తల్లి ఎవరిని నమ్మితే పిల్ల వారిని నమ్ముతుందన్నమాట. కాబట్టి మీ గుర్రం ఈనకముందు నుంచే దానితో మంచిగా ఉండండి, ఈనిన తరువాత రోజూ కాసేపు దాని మెడ, మూపు మాలీసు చేయండి. పిల్ల వచ్చి మీ మోకాలు వాసన చూస్తే చూడనివ్వండి, మీరుగా చెయ్యి చాచవద్దు. కొద్ది రోజుల్లో అదే పక్కన నిలబడి తన వంతు కోసం ఎదురు చూస్తుంది.

ప్రశ్న: రెండు నెలల పిల్లకు హాల్టర్ వేసి తాడు పట్టి లాగితే వెనక్కి లాక్కుని పడిపోయింది. కాలు ఎత్తబోతే తంతోంది. పైగా మా తొమ్మిదేళ్ళ పాప దానితో ఆడుకోవాలని పట్టు పడుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: పడిపోయిన పిల్ల లేచి మామూలుగా ఉందా లేదా అన్నది ముందు చూసుకోండి. వెనక్కి విరుచుకుపడ్డ పిల్లకు తల వెనుక భాగం నేలకు కొట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే పిల్లను తల పట్టి ముందుకు లాగకూడదు, కదలని స్తంభానికి కట్టకూడదు. మెత్తని పొడవాటి తాడును దాని తుంటి చుట్టూ, తోక కిందుగా వేసి, ఆ కొసలు ఒక చేత్తో, హాల్టర్ తాడు మరో చేత్తో పట్టుకోండి. ఇంకొకరు తల్లిని ముందు నడిపించాలి. తుంటి మీద తాడు కొంచెం బిగించండి. ఒక్క అడుగు ముందుకు పడగానే వదులు చేయండి. హాల్టర్ తాడు దారి చూపడానికే గాని లాగడానికి కాదు. ముక్కు పట్టీ కింద రెండు వేళ్ళు దూరేంత వదులు ఉండాలి, పిల్ల పెరుగుతుంది కాబట్టి వారం వారం సరిచూడాలి, మీరు దగ్గర లేనప్పుడు హాల్టర్ తీసేయాలి. అది దేనికైనా తగులుకుంటే, గోక్కోవడానికి ఎత్తిన వెనుక కాలు అందులో ఇరుక్కుంటే మెడ విరిగే ప్రమాదం ఉంది.

కాలి విషయంలో మీరు ఎత్తడంతో మొదలుపెట్టారు. భుజం నుంచి గిట్ట దాకా చేత్తో రాస్తూ, కదలకుండా ఉన్నప్పుడు చెయ్యి తీయడంతో మొదలుపెట్టండి. తన్నినప్పుడు చెయ్యి తీస్తే తన్నడమే నేర్చుకుంటుంది. రాయడానికి ఒప్పుకున్న కొన్ని రోజుల తరువాత గిట్టను నేల నుంచి అంగుళం ఎత్తి, అది గుంజుకోకముందే మీరే దించండి. లాడాలు వేసేవారు గిట్టలు చెక్కడానికి మొదటిసారి వచ్చే నాటికి పిల్ల నాలుగు కాళ్ళూ ఇవ్వగలిగితే ఆయన మీకు జీవితాంతం దండం పెడతారు.

పాపను ఇప్పుడే దాని దగ్గరికి పంపవద్దు. కంచె ఇవతల నుంచి, మీరు పక్కన నిలబడి, తొట్టిలో గడ్డి వేయనివ్వండి. అది తిన్నాక మూపు మీద గోకనివ్వండి. చేతిలో తినేవి ఉండకూడదు, ముఖం దాని మూతి దగ్గర పెట్టకూడదు, దాని ముందు పరుగెత్తకూడదు. ఎప్పుడైనా పంటి గాటు పడి చర్మం చిట్లితే పావుగంట సేపు ధారగా పడే నీటి కింద సబ్బుతో కడిగి, అదే రోజు డాక్టరుకు చూపించి, ధనుర్వాతం, రేబిస్ టీకాలు అవసరమా అని అడగండి. పాప చేతి కింద పిల్ల తల తిప్పకుండా వరుసగా రెండు వారాలు నిలబడిన తరువాత, మీరు హాల్టర్ పట్టుకుని ఉండగా, తల్లి గుర్రం ఎదురుగా కనిపిస్తుండగా, కంచె లోపలికి తీసుకువెళ్ళవచ్చు.